మెషీన్ మారితే కోడ్ ఎందుకు మొరాయిస్తుంది? డెన్నిస్ రిచీ జీవితం చెప్పే జవాబు

ఫైనలియర్ ప్రాజెక్టు అనుకోండి. దమ్మపేటలో ఇంటి చుట్టూ పామాయిల్ తోటలు, ఒళ్లో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్. నేలలో తేమ కొలిచే సెన్సర్ కోసం లినక్స్‌లో ఓ చిన్న డ్రైవర్ రాశారు. టైమ్ లెక్కపెట్టడానికి ఎక్కడో దొరికిన నాలుగు లైన్లు కూడా తెచ్చి అతికించారు. ‘మేక్’ కొడితే ఒక్క ఎర్రర్ లేకుండా కంపైలైపోయింది. హమ్మయ్య అనుకుని, తెల్లారి సత్తుపల్లి బస్సెక్కారు. కాలేజీ ల్యాబ్‌లో ఉన్న 32-బిట్ ఆర్మ్ బోర్డు కోసం అదే కోడ్‌ను మళ్లీ కంపైల్ చేశారు. అంతే... స్క్రీన్ నిండా ఎర్రర్లు! ఒకచోట హెడర్ ఫైల్ దొరకలేదంటుంది. ఇంకోచోట పాయింటర్ సైజు, ఇంటిజర్ సైజు ఒకటి కాదంటుంది. చివర్లో మీరు ఎక్కడా రాయని ఓ ఫంక్షన్ పేరు చెప్పి, అది ‘అన్‌డిఫైన్డ్’ అంటుంది.

కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. మారిందల్లా మెషీనే. మరి తప్పెవరిది?

ఈ ప్రశ్న దాదాపు యాభై ఏళ్ల క్రితమే ఒకాయనకు ఎదురైంది. మనం ఫస్టియర్‌లో నేర్చుకునే సి లాంగ్వేజ్‌ను తయారుచేసింది ఆయనే. పేరు డెన్నిస్ రిచీ. తన లాంగ్వేజ్‌లో, తన టీమ్ రాసిన కోడ్ కొత్త మెషీన్ మీద కదలనంటే ఆయన మెషీన్‌ను తిట్టుకోలేదు. లాంగ్వేజ్‌నే సరిదిద్దారు. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు ఒక్కసారైనా తెలుసుకోవాల్సిన జీవితం ఆయనది.

పట్టా చేతికి రాని పీహెచ్‌డీ

రిచీ 1941 సెప్టెంబరు 9న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, బ్రాంక్స్‌విల్‌లో పుట్టారు. పెరిగింది న్యూజెర్సీలోని సమ్మిట్ అనే ఊళ్లో. తండ్రి అలిస్టెయిర్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో ఇంజినీర్. టెలిఫోన్ స్విచింగ్ సర్క్యూట్ల మీద ఆయన మరో ఇద్దరితో కలిసి రాసిన పుస్తకానికి ఆ రంగంలో మంచి పేరుంది. అంటే సర్క్యూట్లు, రిలేల గురించిన మాటలు రిచీకి చిన్నప్పటి నుంచీ ఇంట్లోనే వినపడేవన్నమాట.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చదివి 1963లో డిగ్రీ తీసుకున్నారు. అక్కడున్న రోజుల్లోనే యూనివాక్ కంప్యూటర్ ఎలా పనిచేస్తుందో చెప్పే ఓ లెక్చర్‌కు వెళ్లారు. అప్పటి నుంచి మనసు కంప్యూటర్ల మీదకు మళ్లింది. పీజీలో అప్లయిడ్ మ్యాథమెటిక్స్ తీసుకున్నారు. పక్కనే ఉన్న ఎంఐటీ కంప్యూటర్ ల్యాబ్‌లోనూ పనిచేశారు.

1968 నాటికి పీహెచ్‌డీ థీసిస్ రాయడం పూర్తయింది. ప్రోగ్రామ్ నిర్మాణానికీ, దాన్ని నడపడానికి పట్టే శ్రమకూ ఉన్న సంబంధం అందులోని విషయం. కానీ బైండింగ్ చేయించిన కాపీని యూనివర్సిటీ లైబ్రరీకి ఇవ్వాలన్న నిబంధనను ఆయన పూర్తి చేయలేదు. దాంతో పట్టా రాలేదు. ఆ థీసిస్ ఎలా ఉంటుందో లోకానికి తెలిసింది 2020లోనే. అప్పటికి ఆయన చనిపోయి తొమ్మిదేళ్లు.

ఇది చదివి ‘అయితే సర్టిఫికెట్ అక్కర్లేదన్నమాట’ అనుకోవద్దు. రిచీకి 1967లోనే బెల్ ల్యాబ్స్‌లో ఉద్యోగం వచ్చేసింది. మన క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో ఆ సౌకర్యం లేదు! అయితే ఒక్కటి మాత్రం నిజం. ఆ తర్వాత నలభై ఏళ్లూ ఆయన్ను అక్కడ నిలబెట్టింది పట్టా కాదు, పని.

మూలన పడున్న మెషీన్‌తో మొదలు

రిచీ చేరేసరికి బెల్ ల్యాబ్స్ ఓ పెద్ద ప్రాజెక్టులో ఉంది. ఎంఐటీ, జనరల్ ఎలక్ట్రిక్‌లతో కలిసి మల్టిక్స్ అనే భారీ ఆపరేటింగ్ సిస్టమ్ కడుతోంది. ఎంతకీ తెమలకపోవడంతో 1969లో బెల్ ల్యాబ్స్ పక్కకు తప్పుకుంది. అందులో పనిచేసిన రిచీ, కెన్ థాంప్సన్, ఇతర మిత్రులు ఒక్కసారిగా ఖాళీ అయ్యారు. కొత్త కంప్యూటర్ కొనివ్వమని అడిగితే మేనేజ్‌మెంట్ సరేననలేదు.

థాంప్సన్ దగ్గర అప్పటికే ఓ ఆట ఉంది. సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహాల మధ్య అంతరిక్ష నౌకను నడిపే ‘స్పేస్ ట్రావెల్’. పెద్ద మెషీన్ మీద దాన్ని ఆడితే ఖర్చు తడిసి మోపెడయ్యేది. ఇంతలో ఎవరూ పెద్దగా వాడని పీడీపీ-7 అనే చిన్న కంప్యూటర్ కనిపించింది. రిచీ సాయంతో థాంప్సన్ ఆ ఆటను దాని మీదకు మార్చారు. ఒక మెషీన్ కోసం రాసిన ప్రోగ్రామ్‌ను ఇంకో మెషీన్ మీదకు తీసుకెళ్లడమంటే ఎంత చాకిరీయో వాళ్లకు అక్కడే తెలిసొచ్చింది. మొత్తం అసెంబ్లీలో కొత్తగా రాసుకోవాల్సి వచ్చింది మరి.

ఆ పీడీపీ-7 మీదే 1969 వేసవిలో థాంప్సన్ ఓ చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాశారు. అదే యునిక్స్. దాని ఫైల్ సిస్టమ్ డిజైన్‌లో ఎక్కువ భాగం థాంప్సన్‌దే. అందులో ఒక ఆలోచన మాత్రం రిచీది. ప్రింటర్, టేప్, టెర్మినల్... ఏ పరికరమైనా సరే, ప్రోగ్రామ్‌కు అది ఫైల్‌లాగే కనిపించాలి. ఫైల్ తెరిచినట్టే తెరవాలి, చదివినట్టే చదవాలి. ఇవాళ మన లినక్స్‌లో స్లాష్ డెవ్ ఫోల్డర్‌లో కనిపించే పేర్లన్నీ ఆ ఆలోచన పిల్లలే. పైన ఫైల్ అనే ముసుగు, కింద పరికరంతో నేరుగా మాట్లాడే డ్రైవర్. మీ తేమ సెన్సర్ డ్రైవర్ కూర్చునేది ఆ ముసుగు కిందే.

బి నుంచి సి దాకా

థాంప్సన్ అప్పటికే బి అనే చిన్న లాంగ్వేజ్ చేసుకున్నారు. మార్టిన్ రిచర్డ్స్ రూపొందించిన బీసీపీఎల్ దానికి ఆధారం. బిలో ఇంట్, క్యారెక్టర్ అనే తేడాలేవీ లేవు. మెమరీ అంటే ఒకే సైజు గళ్ల వరుస, అంతే. 18 బిట్ల గళ్లున్న పీడీపీ-7 మీద ఇది బాగానే నడిచింది.

1970లో కొత్త పీడీపీ-11 వచ్చింది. బెల్ ల్యాబ్స్ పేటెంట్ విభాగానికి కావాల్సిన పత్రాలు టైప్ చేసే సిస్టమ్ చేసిపెడతామని చెప్పి సంపాదించిన మెషీన్ అది. మెమరీ 24 కిలోబైట్లు మాత్రమే. ఇవాళ వాట్సాప్‌లో పంపే ఓ ఫొటో కూడా అందులో పట్టదు. ఈ మెషీన్‌లో గడి సైజు 16 బిట్లు. అంతేకాదు, ఒక్కో అక్షరానికి, అంటే ఒక్కో బైట్‌కు సొంత అడ్రస్ ఉంటుంది. బి చెప్పే ‘గళ్ల వరుస’ లెక్క ఇక్కడ కుదరలేదు. పాయింటర్ వాడిన ప్రతిసారీ గడి నంబర్‌ను బైట్ అడ్రస్‌గా మార్చుకోవాల్సి వచ్చింది. అక్షరాలతో పని మరీ ఇబ్బంది.

మెషీన్ మారింది, లాంగ్వేజ్‌లోని ఊహ తేలిపోయింది. ఇది రిచీకి మొదటి పాఠం. 1971లో ఆయన బికి టైప్‌లు జోడించడం మొదలుపెట్టారు. ఇది ఇంటిజర్, ఇది క్యారెక్టర్, ఇది ఫలానా టైప్‌కు పాయింటర్ అని ప్రోగ్రామర్ ముందే చెప్పాలి. ఎన్ని బైట్లు జరగాలో కంపైలర్ చూసుకుంటుంది. ఆ మార్పులు పెరిగి పెరిగి కొత్త లాంగ్వేజే అయింది. అదే సి. 1973 మొదట్లో స్ట్రక్చర్లు కూడా వచ్చేశాయి. అవి రాకముందు థాంప్సన్ ఒకసారి యునిక్స్ కెర్నల్‌ను సిలో రాయబోయి చేతులెత్తేశారు. అవి వచ్చాక, 1973 వేసవిలో ఇద్దరూ కలిసి కెర్నల్‌ను సిలో తిరగరాశారు. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే అసెంబ్లీలోనే రాయాలన్న నమ్మకం బలంగా ఉన్న రోజులవి.

డ్రైవర్‌లో దాగిన నంబర్

ఇక్కడ మన కథకు కావాల్సిన చిన్న వివరం ఒకటుంది. అప్పటి యునిక్స్‌లో పేపర్ టేప్ రీడర్‌కు ఓ డ్రైవర్ ఉండేది. పీడీపీ-11లో పరికరాల రిజిస్టర్లు మెమరీ అడ్రస్‌ల్లోనే కనిపిస్తాయి. పేపర్ టేప్ రీడర్ అడ్రస్ ఆక్టల్‌లో 177550. డ్రైవర్‌లో ఏం చేశారంటే, ఆ నంబర్‌కు ఓ పేరు పెట్టి, దాని పక్కనే బాణం గుర్తు వేసి, రిజిస్టర్ పేరు రాసేశారు. టైప్ లేదు, కాస్ట్ లేదు. ఓ ఉత్త నంబర్‌ను పాయింటర్‌లా వాడేశారు. అప్పటి సి కంపైలర్ దీన్ని ఒప్పుకునేది. బాణం తర్వాత వచ్చే పేరు అసలు ఏ స్ట్రక్చర్‌కు చెందిందో కూడా గట్టిగా అడిగేది కాదు.

ఎందుకు ఒప్పుకుంది? పీడీపీ-11లో ఇంటిజర్ 16 బిట్లు, పాయింటర్ కూడా 16 బిట్లే. ఒకదాని బదులు ఇంకోటి వాడినా ఏమీ కాదు. ఏమీ కానప్పుడు తప్పని ఎవరికి తెలుస్తుంది? లాంగ్వేజ్ రాసినవాళ్లు, కెర్నల్ రాసినవాళ్లు, డ్రైవర్ రాసినవాళ్లు... అందరూ ఆ ఒక్క మెషీన్ ముందే కూర్చున్నారు. ఆ మెషీన్ అలవాట్లే లాంగ్వేజ్ నియమాలు అనుకున్నారు.

1977: ఇంటర్‌డేటా పరీక్ష

1970ల మధ్యకల్లా హనీవెల్, ఐబీఎం మెషీన్లకూ సి కంపైలర్లు వచ్చాయి. ప్రోగ్రామ్‌లను అటూ ఇటూ మార్చేటప్పుడు రిచీ, ఆయన సహోద్యోగి స్టీవ్ జాన్సన్ ఒక సంగతి గమనించారు. మెషీన్ల తేడాల కంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ల తేడాలే ఎక్కువ ఏడిపిస్తున్నాయి. అయితే ఆపరేటింగ్ సిస్టమ్‌నే కొత్త మెషీన్ మీదకు తీసుకెళ్తే పోలా? ఇవాళ మామూలుగా వినిపించే ఈ మాట ఆ రోజుల్లో సాహసం. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఆ మెషీన్‌కే పుట్టి, ఆ మెషీన్‌తోనే పోయే వస్తువు.

పీడీపీ-11కి బాగా భిన్నంగా ఉండే మెషీన్ కావాలని వెతికి ఇంటర్‌డేటా 8/32ను ఎంచుకున్నారు. 1977లో రిచీ, జాన్సన్, థాంప్సన్ పని మొదలుపెట్టారు. ఎక్కడ ఎలాంటి గొడవలు ఎదురవుతాయో మన ప్రాంతం లెక్కతోనే చూద్దాం.

దమ్మపేట దాటి కాస్త ముందుకెళ్తే ఆంధ్ర సరిహద్దు. మన వైపు భూమిని గుంటల్లో చెబుతారు, ఎకరానికి 40. అవతలి వైపు సెంట్లలో చెబుతారు, ఎకరానికి 100. కాగితం మీద ఎవరో 20 అని మాత్రమే రాసి పెట్టారనుకోండి. ఇటువైపు చదివితే అర ఎకరం, అటువైపు చదివితే ఎకరంలో అయిదో వంతు. ఊళ్లో ఉన్నంతకాలం ‘గుంటలు’ అని రాయకపోయినా అందరికీ అర్థమవుతుంది. సరిహద్దు దాటాకే గొడవ. కొలత పేరు రాయకుండా వదిలేసిన రోజునే ఆ తప్పు జరిగిపోయింది. సరిహద్దు దాన్ని బయటపెట్టిందంతే.

సి ప్రోగ్రామ్‌లో ‘ఇంట్’ అని రాస్తే పీడీపీ-11లో 16 బిట్లు, ఇంటర్‌డేటాలో 32, హనీవెల్‌లో ఏకంగా 36. క్యారెక్టర్ సంగతి ఇంకా చిత్రం. పీడీపీ-11లో దానికి మైనస్ విలువలూ ఉంటాయి. 8 బిట్లలో 200 పెట్టి చదివితే మైనస్ 56 వస్తుంది. ఇంకో మెషీన్‌లో అదే 200గా వస్తుంది. బైట్ల వరసా అంతే. పీడీపీ-11 చిన్న బైట్‌ను ముందు పెడితే, ఇంటర్‌డేటా పెద్ద బైట్‌ను ముందు పెడుతుంది. ఒక వరసలో దాచిన అక్షరాలను ఇంకో వరసలో రెండేసి చొప్పున చదివితే యునిక్స్ అనే పేరు ‘ఎన్ యూ ఎక్స్ ఐ’గా తారుమారవుతుంది. ప్రోగ్రామర్లు ఈ గొడవకు ‘నక్సీ ప్రాబ్లమ్’ అని ముద్దుపేరే పెట్టుకున్నారు.

ఇక డ్రైవర్లు. పీడీపీ-11లో పరికరం రిజిస్టర్‌ను మెమరీ చదివినట్టే చదవొచ్చు. ఇంటర్‌డేటాలో అలా కుదరదు, పరికరాలతో మాట్లాడటానికి వేరే ఇన్‌స్ట్రక్షన్లున్నాయి. అంటే 177550 లాంటి నంబర్లకు అక్కడ అర్థమే లేదు.

సర్దుబాటు కాదు, సవరణ

ఈ దశలో రెండు దారులున్నాయి. ఎర్రర్ వచ్చిన ప్రతిచోటా ఇంటర్‌డేటాకు సరిపోయేలా ఓ అతుకు వేసి, బోర్డు లేచిందని చెప్పి ఇంటికెళ్లడం ఒకటి. అలాచేస్తే మూడో మెషీన్ వచ్చినప్పుడు మళ్లీ అదే జాతర. రెండోది... మెషీన్‌కు సంబంధించిన ఊహ కోడ్‌లో ఎక్కడ దాక్కుందో వెతికి, దాన్ని దాక్కోనివ్వకుండా చేయడం. వాళ్లు రెండోది ఎంచుకున్నారు.

ముందు యునిక్స్ కెర్నల్‌ను మూడు భాగాలుగా చూశారు. తప్పనిసరిగా అసెంబ్లీలోనే ఉండాల్సిన కొద్ది భాగం ఒకటి. డివైస్ డ్రైవర్లు రెండోది. మిగతాదంతా మూడోది. మొదటి రెండూ మెషీన్‌ను బట్టి మారతాయి, మారనీ. మూడో భాగంలోకి మాత్రం మెషీన్ వాసన రాకూడదు. అతి పెద్ద భాగమూ అదే. ఇవాళ లినక్స్ సోర్స్ తెరిస్తే ఆర్కిటెక్చర్ కోడ్ ‘ఆర్క్’ ఫోల్డర్‌లో, డ్రైవర్లు ‘డ్రైవర్స్’ ఫోల్డర్‌లో, మిగతాది వేరుగా కనిపిస్తుంది. ఆ విభజన వెనకున్నది ఇదే ఆలోచన.

తర్వాత లాంగ్వేజ్ సంగతి. ఆ ఏళ్లలో సికి అన్‌సైన్డ్, లాంగ్, యూనియన్, టైప్‌డెఫ్, కాస్ట్ వంటివి వచ్చి చేరాయి. ఇంటిజర్‌ను పాయింటర్‌గా వాడాలంటే ఇకపై ఆ మాట కాస్ట్ వేసి పైకి చెప్పాలి. స్ట్రక్చర్‌లో లేని పేరును బాణం తర్వాత రాస్తే కుదరదు. వేర్వేరు మెషీన్లకు తేలిగ్గా మార్చుకోగలిగే కొత్త కంపైలర్‌ను జాన్సన్ రాశారు. అనుమానం ఉన్న లైన్లను పట్టుకునే ‘లింట్’ అనే టూల్ కూడా ఆయనదే.

రిచీ స్థానంలో మనముంటే ఎలా ఉండేదో ఒక్కసారి ఆలోచించండి. నాలుగేళ్లుగా నడుస్తున్న సొంత లాంగ్వేజ్. యూనివర్సిటీల్లో వాడుతున్నారు, అందరూ మెచ్చుకుంటున్నారు. ఇప్పుడు దానిలో ఇంతకాలం ఒప్పుకున్న రాతలు ఇకపై ఒప్పుకోం అనడమంటే, తన పాత నిర్ణయం తప్పని అందరిముందూ చెప్పినట్టే. ఆయన చెప్పారు. 1978లో జాన్సన్‌తో కలిసి రాసిన పేపర్‌లో ఎక్కడెక్కడ సి జారిందో, యునిక్స్ ఎక్కడ తడబడిందో విడమరిచి పెట్టారు. ఇంటర్‌డేటా మీద యునిక్స్ లేచింది. అదే సమయంలో ఆస్ట్రేలియాలోని వొలొంగాంగ్ యూనివర్సిటీలో రిచర్డ్ మిల్లర్ కూడా, వీళ్లతో సంబంధం లేకుండా, ఇంటర్‌డేటా 7/32 మీదకు యునిక్స్‌ను తీసుకెళ్లారు. కాసేపటికే వ్యాక్స్ కంప్యూటర్ వంతు వచ్చింది. ఇక ఆ బండి ఆగలేదు.

పేరు తక్కువ, పని ఎక్కువ

1978లోనే బ్రయాన్ కెర్నిగాన్‌తో కలిసి రిచీ సి లాంగ్వేజ్ మీద పుస్తకం రాశారు. మన కాలేజీ లైబ్రరీల్లో అట్ట చిరిగి కనిపించే పుస్తకం అదే. 1983లో థాంప్సన్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. అదే ఏడాది సికి అధికారిక ప్రమాణం తయారుచేసే కమిటీ మొదలైంది, 1989లో ప్రమాణం వచ్చింది. ఆ కమిటీలో రిచీ సభ్యుడు కారు. కానీ 1988లో ఓ కొత్త కీవర్డ్ ప్రతిపాదన లాంగ్వేజ్‌ను గందరగోళం చేస్తుందని అనిపించినప్పుడు గట్టిగా వ్యతిరేకించారు. కమిటీ దాన్ని తీసేసింది.

1999లో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ చేతుల మీదుగా నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ తీసుకున్నారు. మధ్యలో ప్లాన్ 9, ఇన్‌ఫెర్నో అనే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ల పనిలోనూ ఉన్నారు. 2007లో రిటైరయ్యారు. 2011లో ఆయనకూ, థాంప్సన్‌కూ జపాన్ ప్రైజ్ వచ్చింది.

అదే ఏడాది అక్టోబరు 5న స్టీవ్ జాబ్స్ చనిపోయారు. ప్రపంచమంతా పత్రికల మొదటి పేజీల్లో ఆయనే. వారం తర్వాత, అక్టోబరు 12న, న్యూజెర్సీలోని బర్కిలీ హైట్స్‌లో ఒంటరిగా ఉంటున్న రిచీ ఇంట్లో చనిపోయి కనిపించారు. వయసు 70. ఆ వార్త చాలామంది కంట పడనే లేదు. జాబ్స్ అమ్మిన ఐఫోన్ లోపల నడిచేది యునిక్స్ వంశపు సిస్టమే, దాని కింద ఉన్నది సి లాంగ్వేజే. ఆ నవంబరులో వచ్చిన ఫెడోరా 16 లినక్స్‌ను మాత్రం దాన్ని చేసినవాళ్లు రిచీకి అంకితమిచ్చారు.

ఇప్పుడు మీ ల్యాబ్‌కు వద్దాం

లినక్స్ కూడా ఇదే దారిలో నడిచింది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని మొదలుపెట్టింది ఇంటెల్ 386 కోసమే. 1990ల మధ్యలో ఆల్ఫా ప్రాసెసర్ మీదకు తీసుకెళ్లినప్పుడు ఆర్కిటెక్చర్ కోడ్‌ను విడదీయాల్సి వచ్చింది. రిచీని ఏడిపించిన క్యారెక్టర్ గొడవ మొన్నమొన్నటి దాకా ఉంది. ఇంటెల్ మీద లినక్స్‌లో క్యారెక్టర్‌కు మైనస్ విలువలుంటాయి, ఆర్మ్‌లో ఉండవు. 2023లో వచ్చిన లినక్స్ 6.2 నుంచి కెర్నల్ వరకు అన్ని ఆర్కిటెక్చర్ల మీదా ఒకేలా, మైనస్ లేకుండా కంపైల్ చేస్తున్నారు.

మరి మీ స్క్రీన్ మీద ఉన్న ఎర్రర్ల సంగతి? ఒక్కోటీ చూద్దాం.

* పైనుంచి మొదలుపెట్టండి. స్క్రోల్ చేసి మొట్టమొదటి ఎర్రర్ దగ్గరకు వెళ్లండి. ఒక్క హెడర్ దొరక్కపోతే దాని వెనక యాభై ఎర్రర్లు వస్తాయి. అది సరిచేస్తే చాలావరకు అవే పోతాయి.

* ఎవరికోసం కంపైల్ చేస్తున్నారో చూసుకోండి. మేక్‌కు ఆర్కిటెక్చర్ పేరు, క్రాస్ కంపైలర్ పేరు సరిగ్గా ఇచ్చారా? బోర్డులో నడుస్తున్న కెర్నల్ సోర్స్, దాని కాన్ఫిగ్ వాడుతున్నారా, లేక ల్యాప్‌టాప్ కెర్నల్ హెడర్లే వాడేస్తున్నారా? కొత్తవాళ్లు ఎక్కువగా బోర్లా పడేది ఇక్కడే.

* హెడర్ దొరకలేదంటే దాని ఫోల్డర్ పేరు చూడండి. ‘ఏఎస్ఎం’ ఫోల్డర్‌లోని హెడర్లు ఆర్కిటెక్చర్‌ను బట్టి మారతాయి. మీరు అతికించిన ఆ నాలుగు లైన్లు ఇంటెల్ ప్రాసెసర్‌లోని టైమ్ కౌంటర్‌ను నేరుగా చదువుతున్నాయి. ఆర్మ్‌లో అది లేదు. హెడర్‌ను ఎక్కడి నుంచో కాపీ చేసుకురావడం పరిష్కారం కాదు. మీకు కావాల్సింది టైమ్ కదా? అన్ని ఆర్కిటెక్చర్లకూ పనికొచ్చే కెటైమ్ ఫంక్షన్లు కెర్నల్‌లోనే ఉన్నాయి, అవి వాడండి.

* పాయింటర్ సైజు గొడవ 177550 కథకు మనవడే. 64-బిట్ ల్యాప్‌టాప్‌లో పాయింటర్‌ను 64-బిట్ ఇంటిజర్‌లో దాచారు, సరిపోయింది. బోర్డులో పాయింటర్ 32 బిట్లే. లినక్స్‌లో ‘అన్‌సైన్డ్ లాంగ్’ ఎప్పుడూ పాయింటర్ సైజులోనే ఉంటుంది. అంతకంటే ముందు, అసలు పాయింటర్‌ను ఇంటిజర్‌గా మార్చాల్సిన అవసరమేంటని అడగండి. చాలాసార్లు ఉండదు. నోరు మూయించడానికి ఇంకో కాస్ట్ మాత్రం వేయొద్దు.

* రాయని ఫంక్షన్ అన్‌డిఫైన్డ్ అంటే ఎక్కడో 64-బిట్ సంఖ్యను భాగించారని అర్థం. 32-బిట్ ఆర్మ్‌కు ఆ భాగహారం ఒకే ఇన్‌స్ట్రక్షన్‌లో రాదు. కంపైలర్ తన లైబ్రరీలోని ఓ సహాయక ఫంక్షన్‌ను పిలుస్తుంది. కెర్నల్ ఆ లైబ్రరీని కలుపుకోదు, అందుకే ఆ పేరు గాల్లో ఉండిపోయింది. డివ్-యూ64 లాంటి కెర్నల్ ఫంక్షన్లు ఉన్నది ఇందుకే.

* ఎర్రర్ లేకపోయినా నమ్మేయొద్దు. బైట్ల వరస తప్పు, క్యారెక్టర్ గుర్తు తప్పు కంపైలర్‌కు కనిపించకపోవచ్చు. పరికరం నుంచి వచ్చే డేటాకు సైజు, వరస తెలిసేలా లిటిల్ ఎండియన్, బిగ్ ఎండియన్ టైప్‌లు వాడండి. ‘స్పార్స్’ అనే టూల్ అప్పుడు తేడాలు పట్టిస్తుంది. అలనాటి లింట్ చేసిన పని లాంటిదే ఇది. గుంటలా, సెంట్లా అన్నది కాగితం మీదే రాసేయడమన్నమాట.

* కొన్ని డ్రైవర్లు నిజంగానే ఒక్క మెషీన్‌వి. ఆ పరికరం ఇంటెల్ బోర్డుల్లోనే ఉంటే, కాన్ఫిగ్ ఫైల్‌లో ఆ మాట రాసేయండి. మెషీన్‌కు కట్టుబడ్డ నాలుగు లైన్లను ఓ ఫైల్‌లోకి తీసి, మిగతాది శుభ్రంగా ఉంచండి. ప్రతి రెండు లైన్లకూ ఓ ఇఫ్‌డెఫ్ పెట్టుకుంటూ పోతే ఆరు నెలల తర్వాత మీ కోడ్ మీకే అర్థం కాదు.

హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ, ఇంటెల్ లాంటి చిప్ కంపెనీలకు ఆఫీసులున్నాయి. డివైస్ డ్రైవర్, ఎంబెడెడ్ లినక్స్ పేర్లతో ఉండే ఉద్యోగాల్లో రోజువారీ పని చాలావరకు ఇదే. ఒక చిప్ మీద నడిచిన కోడ్‌ను ఇంకో చిప్ మీద నడిపించడం. రెజ్యూమెలో ‘సి, లినక్స్ తెలుసు’ అని రాసేవాళ్లు వందల్లో ఉంటారు. అదే ‘తేమ సెన్సర్ డ్రైవర్‌ను 64-బిట్ ఇంటెల్ నుంచి 32-బిట్ ఆర్మ్‌కు మార్చాను, మూడు ఎర్రర్లొచ్చాయి, ఒక్కోటీ ఎందుకొచ్చిందంటే...’ అని ఇంటర్వ్యూలో చెప్పగలిగితే ఎదురుగా ఉన్నవాళ్లు కుర్చీలో ముందుకు జరుగుతారు. అందుకు ఖరీదైన కోర్సులు అక్కర్లేదు. ల్యాబ్‌లో బోర్డు ఖాళీగా లేకపోతే క్యూఎమూ అనే ఉచిత ఎమ్యులేటర్ ల్యాప్‌టాప్‌లోనే ఆర్మ్ మెషీన్‌ను సృష్టిస్తుంది.

కాబట్టి ఈసారి బోర్డు కోసం కంపైల్ చేస్తే స్క్రీన్ ఎర్రబడిందని కంగారుపడొద్దు. ఓ నోట్‌బుక్ తీసుకోండి. ఒక్కో ఎర్రర్ పక్కనా, మీ ల్యాప్‌టాప్‌ను చూసి మీరు చేసుకున్న ఊహ ఏమిటో రాయండి. 1977లో ఇంటర్‌డేటా ముందు కూర్చున్న ఆ ముగ్గురూ పట్టుకున్నది అలాంటి ఊహలనే. తేడా ఒక్కటే... వాళ్లకు దారి చూపినవాళ్లు లేరు. మీకు వాళ్లున్నారు.